విక్సుబర్గు: ముట్టడిలో గృహిణులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిసిసిపీ యను మహానదికి తూర్పుగా, ఎత్తైన మెట్టలమీద విక్సుబర్గు అను పట్టణము గలదు. దక్షిణ రాష్ట్రములలో ప్రయాణము చేయుచు మేమచ్చట రెండు దినములు నిలిచితిమి. యుద్ధచరిత్రలలో సేనానుల పేర్లు మెండు. వంటయింటి మాట అరుదు. ఈ యూర మేము వినగోరినది ఆ వంటయింటి కథయే. దానినే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆ దేశమున 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగెను. నీగ్రో జనులను బానిసలుగ నుంచుకొను హక్కు పోవునను భయముచేత దక్షిణమున 11 రాష్ట్రములు విడిపోయి వేరు ప్రభుత్వము నేర్పరచుకొనినవి. నదిమీది రాకపోకలకు విక్సుబర్గు తాళపుచెవి వంటిది. 1863 మే 18 మొదలు జూలై 4 వరకు ఉత్తరపు సేనాని గ్రాంటు దానిని ముట్టడించెను. నేలమీద సేనలు, నదిలో ఫిరంగి పడవలు. లోనికి గింజయైన వచ్చు దారి లేకపోయెను.

ఇచ్చటి మన్ను విచిత్రమైనది. ప్రాచీనకాలమున గాలికి కొట్టుకొనివచ్చి పేరుకొనిన పసుపుపచ్చని మెత్తని మన్ను. నిలువుగ కోసినను సులభముగ కూలదు. గుండ్లు ఇండ్లమీద పడుచుండగా జనులు ఈ మెట్టలలో సుమారు 500 గుహలు త్రవ్వించుకొనిరి. కొందరు వానిలో తివాచీలు పరచి, మంచములు వేసి, దీపము పెట్టుకొనిరి. పొయ్యి మాత్రము వెలుపల. మేరీ లాఫ్‌బరో అను సైనికోద్యోగి భార్య తన చిన్నకూతురితో నిట్టి గుహలో కాపురముండి, ఆ యనుభవములను 1864లో గ్రంథముగ ప్రకటించెను. గుహలలో తలదాచుకొనిన యజమానురాండ్ర మాటలు ఇట్లు మిగిలినవి. పలుగు పట్టి వానిని త్రవ్విన బానిసలు వ్రాసిన గ్రంథము మాకు కానరాలేదు.

తిండి సంగతి చెప్పవలెనన్న దుఃఖము కలుగును. గోధుమపిండి అరుదై, బొబ్బర్లు విసరి ఆ పిండితో రొట్టె చేసిరి. పైకి గట్టి, లోపల పచ్చి. తుదకు కంచరగాడిద మాంసమును తినవలసి వచ్చెను. కాగితము లేక అచ్చటి పత్రికను గోడలకంటించు రంగుకాగితముల వెనుకవైపున ముద్రించిరి.

ఈ లేమి ముట్టడిలోని యూరికే పరిమితము కాదు. ఉత్తరపు నౌకలు రేవులను దిగ్బంధించుటచేత దక్షిణమంతటను సరకులు కరవయ్యెను. కాఫీకి బదులు బెండగింజలు, చిలగడదుంపముక్కలు వేయించి కాచుకొనిరి. ఉప్పు లేక, మాంసము పొగపెట్టు కొట్టముల నేలను త్రవ్వి, ఆ మన్ను నీట కరగించి కాచి ఉప్పు తీసిరి. అటుకలపై పడియున్న రాట్నములు మరల క్రిందికి దిగినవి. 1863 ఏప్రిలు 2న దక్షిణపు రాజధానియైన రిచ్మండులో స్త్రీలు గుంపులుగ బయలుదేరి, రొట్టె కావలెనని అంగళ్లు పగులగొట్టిరి. అధ్యక్షుడు జెఫర్సను డేవిసు స్వయముగ వచ్చి, జేబులోని డబ్బు వారిమీదికి విసరి, చెదరిపోకున్న కాల్పింతునని బెదరించెను. బిడ్డల ఆకలికి మగనాలు వీథికెక్కినపుడు రాజ్యమిచ్చిన సమాధాన మది.

జూలై 4న సుమారు 29,000 మంది దక్షిణ సైనికులు లొంగిపోయిరి. ఆ దినము అమెరికా స్వాతంత్ర్యోత్సవము. అటుతరువాత సుమారు ఎనుబదియేండ్లు ఈ యూరి తెల్లవారిలో పెక్కురు ఆ పండుగ చేసికొనలేదు. నల్లవారు మాత్రము చేసికొనిరి. ఒక యింట దుఃఖదినమైనది పొరుగింట విముక్తిదినమయ్యెను. యుద్ధము ముగియునప్పటికి సుమారు 40 లక్షల బానిసలకు విముక్తి కలుగుచుండెను. 1865లో రాజ్యాంగ సవరణ దానిని స్థిరపరచెను. అంతకుముందు తల్లి యొక యూర, బిడ్డ యొక యూర అమ్ముడుపోయిన కుటుంబములవారు యుద్ధానంతరము ఒకరినొకరు వెదకుకొనుచు పత్రికలలో ప్రకటనలు వేయించిరి. కొందరు కలిసికొనిరి, అనేకులు కలియలేదు.

1866లో నేర్పడిన జాతీయ శ్మశానవాటికకు పోయితిమి. 17,000 మంది ఉత్తర సైనికులు అచ్చట నిద్రించుచున్నారు. వారిలో సుమారు 13,000 మంది పేరు తెలియనివారు. పేరున్నవారికి పెద్దరాయి, లేనివారికి అంకె చెక్కిన చిన్న చదరపురాయి. గడ్డిలో వరుసగా నున్న ఆ చిన్నరాళ్ల నడుమ నడచునపుడు, వీరి తల్లులు ఏ వాకిట ఎన్నియేండ్లు ఎదురుచూచిరో యని మనస్సు కలగెను. ఖననమైన వారిలో సుమారు 7,000 మంది నల్ల సైనికులు. వారి స్మారకము యుద్ధభూమిలో 2004లో గాని వెలయలేదు. ఇద్దరు సైనికులు, ఒక పొలము కూలి. గాయపడిన వానిని ఇరువురు పట్టుకొని నిలిచియున్నారు.

ఇదే రాష్ట్రమున కొలంబసు అను నూర స్త్రీలు 1866 ఏప్రిలు 25న తమవారి సమాధులతోబాటు శత్రు సైనికుల సమాధులకును పూలు పెట్టిరి.

ఈ యుద్ధము మన తీరమునకును సోకినది. అమెరికా ప్రత్తి ఆగిపోవుటచేత ఇంగ్లండు మగ్గములకు భారతదేశపు ప్రత్తి కావలసివచ్చెను. మన కాకినాడ రేవున ప్రత్తి వ్యాపారము విస్తరించెను. ఒకచోట రాట్నమెక్కిన లేమియే వేరొకచోట లాభమయ్యెను.

యుద్ధము నాలుగేండ్లలో ముగిసినది. దాని ఋణము మాత్రము తీరలేదు. మృతులు 6,20,000 మందికి తక్కువ కారని చరిత్రకారుల లెక్క. ఆ యుద్ధ సైనికుని కుమార్తె యొకతె నెలకు 73 డాలర్ల 13 సెంట్ల పింఛను పుచ్చుకొనుచు 2020 వరకు జీవించెను. బొక్కసపు ఋణమిట్లు 155 ఏండ్లకు తీరినది. బానిసత్వపు వారసత్వమైన వర్ణవివక్షతో ఆ దేశము నేటికిని పెనుగులాడుచున్నది. యుద్ధము ప్రారంభించు తేదీని పురుషులు సభలలో నిర్ణయించిరి. అది ముగియు తేదీని నిర్ణయింప నెవరితరమును కాలేదు.