నీళ్లు వచ్చిన దారి

ఆయిల్ మారిస్తే మరమ్మతు అయిపోయినట్టేనా? ఈ సవాల్‌కు జవాబు నేను కితాబుల్లో చదవలేదు. ఓ పాత పడవ మోటార్ నేర్పింది.

మా అబ్బా బందర్లో పడవ మోటార్ల మెకానిక్. ఇంటి ముందు రేకుల షెడ్డే దుకాణం. ఒకసారి అబ్బా బుఖార్‌తో పడుకుంటే దుకాణం నా మీద పడింది. గిలకలదిండి నుంచి ఒక పెద్దాయన పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటార్ తెచ్చాడు.

"కింద గరగరమంటంది, చిన్న సాయిబూ" అన్నాడు.

రాత్రంతా నిలబెట్టి, ఫజర్ అయ్యాక గేర్‌కేస్ కింది స్క్రూ వదులు చేశాను. ముందు కాస్త ఉప్పునీళ్లు, వెనకే పాలు పోసిన చాయ్ రంగులో ఆయిల్. నూనె కంటే నీళ్లు బరువు కదా, అడుగున చేరతాయి. స్క్రూల వాషర్లు నలిగి ఉన్నాయి. బీమారీ దొరికిందనుకున్నా. కొత్త వాషర్లు వేసి, ఆయిల్ నింపి, మజ్దూరీ తీసుకుని పంపేశాను.

పది రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. సముద్రంలో బేరింగ్ పట్టేసి పంకా ఆగిపోయిందట. ఇంకో పడవ వాళ్లు తాడేసి లాగితే ఆయనా, కొడుకూ ఒడ్డుకు చేరారట. నన్ను ఒక్క మాట అనలేదు. దానికే ఎక్కువ షర్మిందా అయ్యాను.

అబ్బా లేచి వచ్చాడు. గుస్సా చేయలేదు.

"పంకా విప్పి చూశావా బేటా?"

చూడలేదు.

విప్పితే షాఫ్ట్ చుట్టూ వల తాలూకు నైలాన్ దారం, చుట్టలు చుట్టలుగా. అది లోపలికి దూరి ఆయిల్ సీల్ అంచును కోసేసింది.

"ఇదొక్కటేనని ఎలా చెప్తావు? సబూత్ కావాలి" అన్నాడు అబ్బా. మిగిలిన ఆయిల్ వంచేసి, గేర్‌కేస్‌లోకి చేతి పంపుతో 10 పౌండ్ల ప్రెషర్ గాలి ఎక్కించాడు. ఎక్కువైతే మంచి సీళ్లూ పాడవుతాయి. సబ్బునీళ్లు రాసి షాఫ్ట్‌ను మెల్లగా తిప్పితే పంకా వైపే బుడగలు లేచాయి. పైన డ్రైవ్ షాఫ్ట్ దగ్గర, గేరు మార్చే రాడ్ దగ్గర ఏమీ లేవు.

పని అక్కడితో అవలేదు. పాత సీల్ ఆనిన చోట షాఫ్ట్ మీద గాడి పడి, గోరుకు తగులుతోంది. అదే చోట కొత్త సీల్ ఆనితే మళ్లీ కారుతుంది. అందుకే అబ్బా దాన్ని కొంచెం జరిపి, అంచు నున్నటి చోట ఆనేలా కూర్చోబెట్టాడు. తుప్పు పట్టిన బేరింగ్ మార్చాడు. ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించి, పై రంధ్రంలో బుడగలు లేకుండా వచ్చాక, ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాడు. అలా అయితేనే లోపల గాలి మిగలదు.

బేరింగ్ ఖర్చు ఆయన దగ్గర తీసుకోలేదు. నా హిసాబ్‌లో రాశాడు.

"సీల్ దారం వల్ల పోయింది. బేరింగ్ నీ జల్దీ వల్ల పోయింది. మోటార్ మన దగ్గర అమానత్ బేటా. దాని మీద ఒక ఇంటి రిజ్క్ ఉంటుంది."

రెండు రోజులు వేటకు వెళ్లొచ్చాక కింది స్క్రూ వదులు చేసి చూశాం. ఆయిల్ తేటగా ఉంది. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను.

మీ పిల్లలు ఏ మరమ్మతు పని నేర్చుకుంటున్నా ఈ మాట చెప్పండి. లోపలికొచ్చిన నీళ్లను తీసేయడం ఎవరైనా చేస్తారు. అవి వచ్చిన దారి వెతకడానికే సబర్ కావాలి.