మనుషుల చదువు

పూర్వం పిల్లలేం చదువుతున్నారని అడిగితే ఒక్క మాటలో జవాబొచ్చేది. డాక్టరీ, ఇంజనీరింగు, బి.ఏ., లేకపోతే టీచరు ట్రైనింగు. ఇప్పుడలా కాదు. జవాబు విన్నాక "అంటే ఏమిటమ్మా?" అని రెండో ప్రశ్న వెయ్యక తప్పడం లేదు. మా అక్క కూతురు విశాఖపట్నంలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.హెచ్.ఆర్.ఎం.లో చేరినప్పుడు ఆ రెండో ప్రశ్న ఇంటిల్లిపాదీ వేశాం. మాస్టర్ ఆఫ్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని ఓపిగ్గా చెప్పింది. మానవ వనరుల నిర్వహణ అని తెలుగు కూడా చేసింది. తెలుగు చేశాక మా అత్తగారికి మరీ అయోమయమైంది.

"వనరులంటే బొగ్గూ, నీళ్ళూనూ! మనుషులు వనరులెప్పుడయ్యారే?" అన్నారావిడ.

నవ్వుకున్నాం గాని, ఆవిడ అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. ఈ ఉద్యోగానికి మన దేశంలో మొదట్లో ఉన్న పేరు 'సంక్షేమం'. అయిదువందలమందీ అంతకు మించీ పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. తర్వాత తర్వాత అది 'పర్సనల్' అయింది. ఆ పైన 'వనరులు' అయింది. పేరు మారినప్పుడల్లా పని కూడా కాస్త కాస్త మారుతూనే వచ్చిందిట. ఒకప్పుడు క్యాంటీన్లో అన్నం ఉడికిందా లేదా అని చూసినవాళ్ళు, ఇవాళ ఎవరి పని ఎంత పండిందని లెక్కలు వేస్తున్నారు.

ఇక మా వీధిలో ఆడవాళ్ళ మాట చెప్పాలి. "మనుషుల్ని సంబాళించడానికి రెండేళ్ళ చదువా? ఇంట్లో ఆరుగురుంటే ఆరు రకాల కూరలడుగుతారు. పాలవాడు, పనిమనిషి, ఆడపడుచు, ఆడపడుచు మొగుడు! అందర్నీ నెట్టుకొస్తున్నాం కదా, మాకేదీ డిగ్రీ?" అన్నారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. నేను తెలుగూ చరిత్రా చదువుకున్న బి.ఏ.ని. ఆ పిల్ల సెలవలకి తెచ్చుకున్న పుస్తకాలు చదివితే నాకు కనిపించిన పేర్లలో ఇద్దరు ఆడవాళ్ళే. అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అని ఒకావిడ. పన్నెండుమంది పిల్లల తల్లి. 1914లో కార్ఖానా మనుషుల మనస్తత్వం మీద పుస్తకం రాస్తే, దాని మీద ఆవిడ పేరు పొడి అక్షరాల్లోనే వేశారు. ఆడమనిషి రాసిందని చూడగానే తెలియదన్నమాట! మరుసటి ఏడాదే, అంటే 1915లోనే, డాక్టరేటు కూడా పుచ్చుకుంది. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్టకీ, ఫ్రిజ్ తలుపు లోపలి అరలకీ ఆవిడ పేరే చెబుతారు. పన్నెండుమందిని సాకిన చేతికి ఆ ఆలోచనలు రావడంలో వింతేముంది?

రెండో ఆవిడ మేరీ పార్కర్ ఫాలెట్. తగవు తీర్చడం అంటే ఒకరు గెలవడమూ కాదు, ఇద్దరూ సగం సగం నష్టపోవడమూ కాదంటుంది. ఒకరోజు హార్వర్డు లైబ్రరీలో ఒకాయన కిటికీ తెరవాలన్నాడు, ఈవిడ మూసి ఉంచాలంది. తీరా చూస్తే ఆయనకి కావలసింది గాలి, ఈవిడకి అక్కర్లేనిది ఎదురుగాలి. ఎవరూ లేని పక్కగదిలో కిటికీ తెరిచారు. ఇద్దరి పనీ అయింది. తోడికోడళ్ళున్న ఇంట్లో కాపరం చేసినవాళ్ళకి ఈ కిటికీ కథ చెప్పకుండానే తెలుస్తుంది.

మరి వీధి ఆడవాళ్ళన్నదే నిజమైతే, ఈ చదువెందుకు?

మనకో సామెత ఉంది కదా, పెట్టేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని. ఇల్లు నడిచేది ఆ సామెత మీదే. ప్రేమ ఉన్నచోట పెరుగు కాస్త ఎక్కువ పడుతుంది. అది ఇంట్లో చెల్లుతుంది. వెయ్యిమంది పనిచేసేచోట వడ్డించేవాడు ఎవరికో ఒకరికే మనవాడవుతాడు. మిగతావాళ్ళ గతేమిటి? పెట్టేవాడు ఎవడైనా కడబంతిలో విస్తరికి కూడా అన్నీ అందేట్టు చూడడం వేరే విద్య. వేతన చట్టాలూ, ప్రమోషన్ల పద్ధతులూ, ఫిర్యాదులు వినే కమిటీలూ అన్నీ దానికోసమే. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం, ఫిర్యాదు వినే కమిటీకి ఆడమనిషే అధ్యక్షురాలుగా ఉండాలంది. మంచి అధికారి దొరికితే వింటాడులే అని వదిలెయ్యలేదు.

మంచితనం ఒక్కటే చాలదనడానికి ఆ పుస్తకాల్లోనే ఇంకో కథుంది. చికాగో దగ్గర హాథార్న్ అనే చోట టెలిఫోను పరికరాల ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు చేశారు. 1927లో కొందరు అమ్మాయిల్ని వేరే గదిలో కూర్చోబెట్టి, విశ్రాంతినిచ్చి, మంచీ చెడ్డా అడుగుతూ పని చేయిస్తే పని పెరిగిందిట. ఆప్యాయత మహిమ అని ఆ కథ లోకమంతా పాకింది. ఆ తర్వాత పండితులు దాని మీద బోలెడు సందేహాలు లేవదీశారనుకోండి. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. కబుర్లు ఎక్కువ చెబుతున్నారని 1928లో ఆ గదిలోంచి ఇద్దరమ్మాయిల్ని మార్చేశారు! ఆప్యాయత కూడా పని తగ్గనంత వరకే.

చివరి సెమిస్టరులో మా పిల్లకి ప్రాజెక్టు పడింది. ఒక కంపెనీలో ఆడవాళ్ళు ఉద్యోగాలు ఎందుకు మానేస్తున్నారో తేల్చాలి. రాజీనామా కాగితాలన్నీ తిరగేస్తే అన్నిటిమీదా ఒకటే మాట, 'వ్యక్తిగత కారణాలు.' ఇది పట్టు వదలకుండా మానేసినవాళ్ళకి ఫోన్లు చేసింది, ఇళ్ళకి వెళ్ళింది. చాలామంది కాన్పు సెలవు అయి వచ్చిన కొన్నాళ్ళకే మానేశారు. 2017లో ఆ సెలవు పన్నెండు వారాల నుంచి ఇరవయ్యారు వారాలయింది, యాభైమందీ అంతకు మించీ ఉన్నచోట పిల్లల్ని చూసుకునే సదుపాయం ఉండాలన్నారు. ఆ కంపెనీలోనూ దానికో గది ఉంది. తాళం వేసి ఉంది. తీయించి చూస్తే ఉయ్యాల ఒకటి, చుట్టూ పాత బీరువాలు, ఫైళ్ళు. చట్టం గదైతే ఇప్పించింది గాని, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో చెప్పలేదు.

అది రాస్తే, "ఆ పేజీ తీసెయ్యమ్మా" అన్నాడు అక్కడి అధికారి. ఆయన సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. రాత్రి పదిగంటలకి నాకు ఫోను.

"పిన్నీ, తీసెయ్యనా?"

నా నవలలో నాయిక అయితే కాగితాలు ఆయన బల్లమీద పడేసి చరచరా నడిచి వచ్చేసేది. కాని ఈ పిల్ల నా నాయిక కాదు, మా అక్క కూతురు. బావగారు లోను పెట్టి చదివిస్తున్నారు. "అసలాయన భయమేమిటో కనుక్కున్నావా?" అన్నాను.

కనుక్కుంది. గదికి తాళం వేయించింది తనే అని పైవాళ్ళు అనుకుంటారని ఆయన బెంగ. మా పిల్ల పేజీ తియ్యలేదు, అందులో ఒక్క ముక్క కూడా మార్చలేదు. దాని తర్వాత ఇంకో పేజీ చేర్చింది. ఒకమ్మాయి మానేస్తే కొత్తమ్మాయిని వెతికి, పని నేర్పి, చెయ్యి తిరిగేదాకా కాచుకోవడానికి ఎంతవుతుంది, ఒక ఆయాకి ఏడాది జీతం ఎంతవుతుంది, పక్కపక్కన లెక్క వేసింది. ఆ లెక్క పైకి చూపిస్తే పేరు తనకే వస్తుందని ఆయనకి తట్టింది. సంతకం పెట్టాడు. తరవాత ఆయా వచ్చిందిట. బీరువాలు మాత్రం సగమే కదిలాయిట. మానేసినవాళ్ళలో ఒకావిడ తిరిగి చేరింది. లోకం మారిపోయిందని నేననను. ఒకావిడకి జీతం వస్తోంది, అంతే.

ఇప్పుడు మా పిల్ల వేరేచోట ఉద్యోగంలో ఉంది. రేపు ఇలాంటి పేజీ తన బల్ల మీదికే వస్తుంది, తీసెయ్యమనే అధికారం కూడా తన చేతిలోనే ఉంటుంది. నా బెంగంతా ఆ రోజు గురించే. ప్రస్తుతానికి రాజీనామా కాగితంలో 'వ్యక్తిగత కారణాలు' అన్న గడి కొట్టేయించి, దాని బదులు నాలుగు ఖాళీ గీతలు పెట్టించిందిట. ఇవన్నీ ఎవరు చదువుతారన్నారట పైవాళ్ళు. నేను చదువుతానందిట.

అందుకని ఒక మాట. మీరు గాని, మీ అమ్మాయి గాని ఎప్పుడైనా ఉద్యోగం మానవలసి వస్తే, అలాంటి అవసరం రాకూడదనే కోరుకుంటాను, కారణం దగ్గర మొహమాటపడకండి. నాలుగు గీతలూ నిండా రాయండి.