అడవిలో ఒక రాత్రి విడిది

మా ఆర్మూరు ప్రాంతమున బడిపిల్లల తీరిక పసుపుపంటనుబట్టి యుండును. జూన్‌లో నాటిన పసుపు జనవరి మొదలు మార్చి వఱకు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్వుటకును, ఉడికించుటకును, ఎండబెట్టుటకును ఇంటిల్లిపాదియు కావలయును. పిమ్మట పరీక్షలు. కావున పిల్లలను ఎచ్చటికైనను తీసికొనిపోవలెనన్న డిసెంబరే గతి. లోకమంతయు విహారమునకు బయలుదేరునదియు ఆ నెలలోనే.

కొన్ని యేండ్ల క్రిందట పదవ తరగతిలో అడవులనుగూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "సార్, అడవిల రాత్రి ఎట్లుంటది?" అని యడిగెను. ఆమె తండ్రి మార్కెట్టు యార్డులో హమాలీ. ఆ యేటితో ఆమె చదువు ముగియునని నాకు తెలియును. రెండు జాతీయ రహదారులు కలియు మా యూరిలో రాత్రి యనగా లారీల మ్రోతయు దీపములును. "చూపించెదను" అని మాట యిచ్చితిని. గది సంపాదించుట యెంతపనియో అప్పటికి నే నెఱుగను.

మాకు చేరువనున్న కవ్వాల్ 1965లో అభయారణ్యమై, 2012లో పులుల సంరక్షణకేంద్ర మాయెను. మహారాష్ట్రలోని తాడోబానుండి పులులు అడవి దారిని ఇచ్చటికి వచ్చుచుండును. ఇట్టి వనములలో వానకాలమున మూడు నెలలు విహారము నిలిపివేయుదురు. తాడోబా నడిమి అడవికి మంగళవారము కూడ సెలవే. పులుల వనములలో నడిమి అడవిని ఐదవ వంతునకు మించి విహారికులకు తెఱవరాదని 2012 నాటి నియమములు. ఇది న్యాయమే. పులికి కావలసినది నిశ్శబ్దము గాని మన సందడి కాదు. అయితే గదులు కొన్నియే, కోరువారు వేలమంది. తగవంతయు ఆ కొద్ది గదుల పంపకములోనే యున్నది.

మేము ఎంచుకొనినది ఈ రెండును గాక వేఱొక వనము. దాని పేరు వ్రాయను. ఇరువదిమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. ఆఱు గదులు కావలయును. ముందస్తు నమోదు ఉదయము పదిగంటలకు కంప్యూటరులో తెఱతురని విని, తొమ్మిదిన్నరకే కూర్చుంటిని. ఒక్కొక్కరి పేరు, వయస్సు, ఆధారు సంఖ్య వ్రాయవలయును. ఏడవ పేరు వ్రాయుచుండగనే గదులన్నియు నిండెను. మఱునాడు మఱల యత్నింపగా సొమ్ము పోయెను గాని గది రాలేదు. ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు తొమ్మిది దినములు పట్టెను. అది పిల్లల తలిదండ్రులు కూలిడబ్బులలో మిగిల్చి యిచ్చినది. ఆ తొమ్మిది రాత్రులు నాకు సరిగా నిద్ర లేదు.

అప్పుడు నా పూర్వవిద్యార్థి యొకడు, "మీకెందుకు సార్ ఈ తిప్పలు? పెద్దసారుతోని ఉత్తరం ఇప్పిస్త" అనెను. అది తగని పని యని తెలిసియు సరే యంటిని. మూడవనాడే ఆఱు గదులు వచ్చెను. బడిలో అందఱు నన్ను మెచ్చుకొనిరి. నేను ఊరకుంటిని.

సాయంకాలమునకు వనద్వారము చేరితిమి. అచ్చట ఒక ముసలాయనయు, కోడలును, ఇద్దరు పసివాండ్రును మూటలమీద కూర్చుండి యుండిరి. ఆయన చేత రసీదు కాగితము. "మీ గది రద్దయింది, పైనుంచి ఆర్డరు" అని కావలివాడు చెప్పుచుండెను. మా బాలిక అది విని, "సార్, మన రూములు వాళ్లవేనా?" అని యడిగెను. "కాదమ్మా" అంటిని. పిల్లలకు పది యాజ్ఞలు నేర్పు నోటితోనే అంటిని.

లోపల పది నిమిషములైనను నిలువలేక తిరిగి వచ్చి, ఒక గది వారికిచ్చి, మగపిల్లలను కొందఱిని వసారాలో పండుకొనబెట్టితిని. ముసలాయన నాకు దండము పెట్టెను. తిట్టినను అంత బాధ కలుగకపోవును. రాత్రి భోజనమైన పిదప పిల్లలందఱు మెట్లమీద కూర్చుండిరి. ఎక్కడనో దుప్పి కూసెను. నేను ఆ బాలికకు నిజము చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "చుక్కలు మస్తుగున్నయి సార్" అనెను.

ఇంటికి వచ్చి, కాలిఫోర్నియాలోనున్న మఱియొక పూర్వవిద్యార్థికి ఈ సంగతి వ్రాసితిని. అతని జాబు వినోదముగ నుండెను. యోసెమిటీ జాతీయవనమునకు ఏటా సుమారు 40 లక్షలమంది వత్తురు. అచ్చట గుడారము వేసికొను పేరొందిన చోట్లను ప్రతి నెల 15వ తేదీ ఉదయము ఏడు గంటలకు, ఐదు నెలల ముందుగా విడుదల చేయుదురు, నిమిషములలో చెల్లిపోవును. అతడును భార్యయు రెండు ఫోనులతో కూర్చుండియు ఓడిపోయిరట. అయితే ఆ వనములోనే హాఫ్ డోమ్ అను కొండ నెక్కుటకు మార్చిలో దరఖాస్తులు గైకొని చీట్లు వేయుదురు. నాకిది నచ్చినది. మత్తీయను అపొస్తలులలో చేర్చునప్పుడును చీట్లే వేసిరి గదా! చీటికి వేలి వేగముతో పనిలేదు. పెద్దసారు ఉత్తరముతోను పనిలేదు. మన వనములలో కూడ కొన్ని గదులు బడిపిల్లలకని విడిచి, చీట్లు వేసిన బాగుండును.

ఈ యేడు పేర్లన్నియు ముందే వ్రాసియుంచి, వేళ్లు చుఱుకైన ఒక బాలుని కంప్యూటరు ముందు కూర్చుండబెట్టితిమి. నాలుగు గదులు దొరకినవి. పోదలచిన వారందఱికి అవి చాలవు. గుడ్డసంచిలో చీట్లు వేసితిమి. ఉపాధ్యాయులకును వేసితిమి. నాకు తెల్లచీటి వచ్చినది.