వన్ పీస్ ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు

"వెయ్యి ఎపిసోడ్లు దాటిందటగా, ఇప్పుడేం చూస్తాం?" అని వెనక్కి తగ్గేవాళ్ల కోసమే ఈ పోస్టు.

ముందు మాంగా, అంటే జపాన్ కామిక్స్ పుస్తకం, పట్టుకోండి. ఐచిరో ఓడా 1997 జులైలో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలుపెట్టిన కథ ఇది. దాని యానిమేషన్ సీరియల్, అంటే అనిమే, 1999లో వచ్చింది. మాంగాను దాటిపోకూడదని పోనుపోను ఒక్కో అధ్యాయాన్నే ఎపిసోడంతా సాగదీశారు. పుస్తకంలో ఆ బాధ లేదు. మాంగా ప్లస్ యాప్‌లో మొదటి మూడు అధ్యాయాలు ఉచితం, రుచి తెలియడానికి అవి చాలు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా, అధ్యాయాల మొదటి పేజీలు తిప్పేయకండి! అక్కడ వారానికో బొమ్మ చొప్పున పక్క కథలు నడుస్తుంటాయి. స్కైపియా అనే ఆకాశ ద్వీపంలో ఓడిపోయిన విలన్ ఎనెల్ చంద్రుడి మీదికి వెళ్లి ఏం చూశాడో చెప్పింది ఆ బొమ్మలే. సంభాషణ దాదాపు ఉండదు, అయినా కళ్లు తిప్పుకోలేం.

సంపుటాల్లో ఎస్‌బీఎస్ అనే ప్రశ్నోత్తరాలూ ఉంటాయి. పాఠకులు ఎంత చిలిపిగా అడిగినా ఓడా ఓపిగ్గా జవాబిస్తాడు. మన లోకంలో పుట్టి ఉంటే కథానాయకుడు లూఫీ బ్రెజిల్ వాడు, అతని ఓడలో వంటవాడు సాంజీ ఫ్రాన్స్ వాడు అని చెప్పింది అక్కడే. ఏ వికీకన్నా ముందు ఇవి చదవండి.

అనిమేలో 196 నుంచి 206 వరకు ఎపిసోడ్లలో వచ్చే జీ-8 కథాభాగం మాత్రం వదలొద్దు. మాంగాలో లేని కథే, అయినా నాకు ప్రాణం. నౌకాదళం కోటలో చిక్కుకుని కూడా సాంజీ వాళ్ల వంటగదిలో దూరి, పారేయబోయిన ముక్కలతో వంట చేస్తాడు. అచ్చం సాంజీయే!