జట్కా సాయిబు పేరేంటి?

మా మామూ విజయవాడ ఆటోనగర్లో లారీలకు బొమ్మలేసేవాడు. కొత్త లారీ అంటే అప్పట్లో ఒట్టి ఎముకల గూడు. డ్రైవరు దానిమీదో చెక్క సీటు బిగించుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ వానకీ ఓర్చి వందల మైళ్లు తోలుకొచ్చేవాడు. వడ్రంగులు కేబినూ బాడీ కట్టాక ఆఖర్న మామూ చేతికొచ్చేది. ఆయన చేతిలోంచి బయటికెళ్లేటప్పుడు అది పెళ్లికూతురు. తలుపు మీద నెమలి. వెనక దూడకు పాలిచ్చే ఆవు. డీజిల్ ట్యాంకు మీద డేగ. ఎక్కడైనా జానెడు చోటు మిగిలితే అక్కడో తాజ్‌మహల్. ఎండాకాలం సెలవుల్లో నా పని బ్రష్షులు కిరసనాయిల్లో కడగటం.

లారీ నుదుటి మీద మూడు గుర్తులుండాలి - ఓం, నెలవంక, శిలువ. మూడూ ఒకే సైజు. మామూ దారంతో కొలిచి మరీ గీసేవాడు. "దేవుళ్లతో పేచీ రాదురా, ఓనర్లతోనే వస్తది" అనేవాడు.

ఆయనకి తెలుగు చదవటం రాదు. కాయితం మీద ఎవరైనా రాసిస్తే దాన్ని బొమ్మలాగా చూసి గీసేవాడు. ఓసారి 'నిదానమే ప్రధానం' అనటానికి 'నిధానమే ప్రధానం' అని రాశాడు. ఆ లారీ ఆ ఒత్తుతోనే ఎన్నేళ్లు తిరిగిందో, ఎవరూ ఏమీ అన్లేదు. అక్షరాల అందం చూసేవాడికి తప్పెక్కడ కనపడుద్ది? తలకట్లు గీస్తూ "మీ తెలుగోళ్ల అక్షరాలన్నీ తలపాగాలు చుట్టుకుని కూర్చున్నాయి రా" అని నవ్వేవాడు.

మీ తెలుగోళ్లు! నేను తెలుగు మీడియంలో చదవటం వల్ల మామూకి నేను తెలుగోణ్ణి. బళ్లోనేమో సాయిబుని. తెలుగు మాస్టారు నా పద్యం అప్పజెప్పటం మెచ్చుకుంటూ "సాయిబువైనా బాగా చెప్పావురా" అనేవాడు. ఆ 'అయినా' అనే మాట మీద నేనో పుస్తకం రాయగలను.

1980లో 'రామ్ రాబర్ట్ రహీం' వచ్చింది. హిందీ 'అమర్ అక్బర్ ఆంథోనీ'ని తెలుగులో తీశారు. కృష్ణ రామ్, రజనీకాంత్ రాబర్ట్, చంద్రమోహన్ రహీం. సినిమా చూసొచ్చిన మర్నాడే మా వీధిలో ఆట మొదలైంది. నాకు రాబర్ట్ కావాలని ప్రాణం లేచిపోయింది. అద్దం ముందు చాక్‌పీసు నోట్లోకి ఎగరేసి పట్టుకోవటం కూడా నేర్చుకున్నాను. అయినా ఆట మొదలెట్టకముందే నేను రహీం అయిపోయాను. "నీకదే కరెక్టుగా సరిపోద్దిరా" అన్నారు. వాళ్లు నన్ను కించపరిచారని కాదు, ప్రేమగానే అన్నారు. నా పాత్ర నాకు పుట్టుకతోనే వచ్చేసింది, అంతే. రామ్ వేషం కోసం నలుగురు కొట్టుకున్నారు. రహీం వేషానికి పోటీయే లేదు.

ఆ కసేనేమో, నా కథలు నేనే రాసుకోవటం మొదలెట్టాను. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్నీ, మధుబాబు షాడోనీ నమిలి మింగేసిన కాలం. తొమ్మిదో తరగతికల్లా మూడు నోటు పుస్తకాలు నింపాను. నా డిటెక్టివ్ పేరు విక్రాంత్. ఆరడుగులు, నల్ల కోటు. బెజవాడ ఎండలో ఆ కోటు ఎట్లా వేసుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. అట్టలు కూడా నేనే గీసేవాణ్ణి. మామూ దగ్గర మిగిలిన ఎనామిల్ పెయింటుతో గీయటంతో అట్ట ఎండాక బిర్రబిగిసి అప్పడంలా అయ్యేది. విక్రాంత్ చేతిలో పిస్తోలు, వెనక నెమలి. డిటెక్టివ్ నవలకి నెమలెందుకని అడక్కండి. నాకు బాగా వేయటం వచ్చిన బొమ్మ అదొక్కటే.

అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు లాంతరు దగ్గర కూర్చోబెట్టి నా కథ చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లేరుతూ వింది. అంతా అయ్యాక అడిగింది.

"మనోళ్లెవరూ లేరా అందులో?"

"ఎందుకు లేరూ? రెండో చాప్టర్లో విక్రాంత్ని స్టేషన్నుంచి తీసుకొచ్చిన జట్కావాడు మనోడే."

"ఉస్కా నామ్ క్యా హై రే?"

పేరు లేదు. 'జట్కా సాయిబు' అని రాశాను. ఆరోసారి కూడా 'జట్కా సాయిబు' అనే రాశాను. ఇంకోడున్నాడు, దుబాయ్ బంగారం దాచిపెట్టే ముఠాలో గడ్డం వాడు. వాడికి పేరు కూడా ఉంది. ఆ సంగతి అమ్మీకి చెప్పలేదు.

"వాళ్లమ్మ పేరు పెట్టకుండానే వదిలేసిందా వాణ్ణి?" అంది అమ్మీ. "నాగుల్ మీరా అని పెట్టు."

మా కృష్ణా గుంటూరు జిల్లాల్లో వీధికో నాగుల్ మీరా ఉంటాడు. ఎక్కడో తమిళ దేశంలో ఉన్న నాగూరు దర్గా మొక్కు పేరది, ఇక్కడి మట్టిలో కలిసిపోయి మా నోళ్లలో ఇట్లా అయింది. పెన్సిల్‌తో ఆ పేరు రాశాను. తర్వాత కథని పత్రికకి పంపటానికి ఫెయిర్ చేసేటప్పుడు తీసేశాను. పేరంటూ పెడితే అతనికో ఇల్లుండాలి, పెళ్లాం పిల్లలుండాలి, గుర్రానికి దాణా ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలి. విక్రాంత్ కథకి అడ్డమొస్తాడనిపించింది. ఎవరో నన్నట్లా రాయమని అడిగారా? ఏ ముల్లా గానీ, ఏ సంఘం గానీ, ఏ సంపాదకుడు గానీ చెప్పాడా? పద్నాలుగేళ్ల పిల్లోణ్ణి, నా చేత్తో నేనే చేశాను.

కథ కింద నా పేరు సంగతి మరీ తమాషా. మావాళ్ల పేర్లకి ముందు 'షేక్' ఉంటుంది కదా. రిజిస్టర్లలో దాన్ని 'ఎస్.కె.' అని కుదించేస్తారు. నేను మిగతా పేరు మింగేసి ఒట్టి 'ఎస్.కె.' అని పంపేవాణ్ణి. శ్రీకాకుళమా అని అడిగినవాళ్లున్నారు. శ్రీకృష్ణా అన్నవాళ్లున్నారు. నేను కాదనేవాణ్ణి కాదు. నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఉద్యోగమొచ్చాక, పెళ్లయ్యాక, ఆదివారం సరదాగా మళ్లీ పెన్ను పట్టాను. ఈసారి పట్టుదలగా డిటెక్టివ్‌కి అన్వర్ అని పేరు పెట్టాను. అప్పుడు తెలిసొచ్చింది అసలు కష్టం. విక్రాంత్ తలుపు తీసుకుని లోపలికొస్తే లోపలికొచ్చినట్టే. అన్వర్ లోపలికి రావాలంటే ముందు 'సలామాలేకుం' అనాలి, 'అల్లా కసమ్' అనాలి, సాయంత్రం కాగానే నమాజుకి లేవాలి, ఆఖర్న స్నేహితుడి కోసం ప్రాణమివ్వాలి. నా కలంలోంచి ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తున్నాయి. నేను నా జీవితంలో ఒక్కసారి కూడా 'అల్లా కసమ్' అన్న జ్ఞాపకం లేదు. ఇదంతా నేను మా ఇంట్లో నేర్చుకుంది కాదు, హాల్లో నేలటిక్కెట్లో కూర్చుని నేర్చుకుంది.

నాలుగైదు సార్లు కొట్టేసి కొట్టేసి చివరికి ఓ కథ నిలబెట్టాను. అన్వర్ సైకిల్ పోతుంది. వెతుక్కుంటాడు. దారిలో రెండుసార్లు టీ తాగుతాడు. సైకిల్ బావమరిది దగ్గర దొరుకుతుంది. అంతే కథ. ఓ పత్రికకి పంపిస్తే తిరిగొచ్చింది. 'ముస్లిం జీవితం ఇంకా చిక్కగా ఉండాలి' అని చిన్న చీటీ. సైకిల్ పోయినవాడి బాధలో చిక్కదనం తక్కువైందట. ఆ చీటీ మడతపెట్టి రేషన్ కార్డు పక్కన దాచుకున్నాను, అదీ ఓ గుర్తింపు కార్డే కదా!

సినిమాల్లో జట్కా సాయిబు మెల్లగా ఆటో కొనుక్కున్నాడు. 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం'లో ప్రకాష్‌రాజ్ అమ్జాద్ అనే ఆటో డ్రైవరు. మంచి నటన, కాదనను. కానీ ఈ దేశం మీద తన ప్రేమని అంత గొంతు చించుకుని చెప్పుకోవాల్సిన పని పక్క సీటు డ్రైవరుకెందుకు రాలేదు? నా పక్కన కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఎవరైనా చూస్తారేమోనని కూడా కొట్టాను.

ఆ తర్వాత 'ది అంగ్రేజ్' అని హైదరాబాదీ మాటలో ఓ సినిమా వచ్చింది. చార్మినార్ దగ్గర కూర్చుని కోతలు కోసే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు గ్యాంగు. పనీపాటా లేదు, నీతి లేదు, త్యాగాలు అసలే లేవు. ఆ సీడీ ఎన్నిసార్లు చూశానో! మమ్మల్ని వెక్కిరించారని కోపగించుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒట్టి వెధవాయిగా ఉండే హక్కు తెరమీద మాకు దొరకటం చిన్న విషయమా?

మా అమ్మాయి కాలానికి సంగతులు ఇంకో రకం. 2022లో అది ఇంటర్ చదువుతుండగా 'మిస్ మార్వెల్' సీరియల్ చూసి పిచ్చెక్కిపోయింది. నాకూ ఆ బొమ్మల పుస్తకం ఇచ్చి చదవమంది. 2014 నుంచి వచ్చిన పుస్తకమది. కమలా ఖాన్ అని, అమెరికాలో జెర్సీ సిటీ పిల్ల, అమ్మానాన్నలది పాకిస్తాన్. మొదటి సంచికలోనే అంగట్లో పంది మాంసం వాసన చూసి, తినకుండా ఊరుకుంటుంది! బుర్కినీని మార్చుకుని వీరనారి వేషం చేసుకుంటుంది. ఎనామిల్ పెయింటుతో అట్టలేసిన నాకు ఆ కుట్టుపని తెగ నచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పిల్ల ఇంట్లో కూర్చుని తనకిష్టమైన వీరుల మీద సరదాగా కథలు అల్లి రాసుకుంటుంది. "నీలాగే అబ్బా" అంది మా అమ్మాయి.

ఆ ఉత్సాహంలోనే అటకెక్కి నా పాత ట్రంకు పెట్టె దించింది. రఫ్ నోటు పుస్తకం చదివింది. విక్రాంత్ కోటు చూసి పడీపడీ నవ్వింది. రెండో చాప్టర్ దగ్గర ఆగింది. నేను ఫెయిర్లో తీసేసిన పేరు రఫ్‌లో అట్లాగే ఉంది, పెన్సిల్‌తో.

"ఈ నాగుల్ మీరా విక్రాంత్ని దింపాక ఎక్కడికెళ్తాడు అబ్బా?"

నాకు తెలీదన్నాను. గుర్రానికి మేతేస్తాడేమో అన్నాను.

వారం రోజుల్లో పదకొండు పేజీలు రాసింది. దానిలో విక్రాంత్ రెండో పేజీలో వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరతాడు. ఆ కోటు వల్లే. కేసంతా నాగుల్ మీరా, గుర్రం కలిసి చూసుకుంటారు. గుర్రానికి లెక్కలొచ్చు. చివర్న జట్కా బొమ్మ కూడా వేసింది, వెనక చెక్క మీద నెమలితో సహా. మామూ పోయి అప్పటికి చాలా ఏళ్లైంది, ఆ నెమలి దానికెట్లా వచ్చిందో. నెమలి కింద తలపాగాల అక్షరాలతో 'సౌండ్ హారన్' అని రాసింది.

జట్కాకి హారన్ ఎవరు కొడతారే అన్నాను.

"వెనకొచ్చే లారీవాళ్లు" అంది.