వాగు నెరిగిన పటము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో, అశోక్‌నగర్ హాస్టళ్లనుండి తెల్లవారకముందే వచ్చి చోటు పట్టుకొను పిల్లల నడుమ మూడేండ్లు కూర్చుండి చదివిన నా మేనల్లుడు, ఫారెస్ట్ బీట్ ఆఫీసరుగా అమ్రాబాదు అడవికి పోవుచు, అరచేతిలో ఇమిడెడి గార్మిన్ జీపీఎస్ ఒకటి నా ముందు పెట్టి, "మామయ్యా, దీంట్ల ఏ మ్యాపు ఏసుకోవాలె?" అని అడిగినాడు. ముప్పదేండ్లు నారాయణగూడలో భూగోళము బోధించిన నాకు ఇంతకంటె ప్రియమైన ప్రశ్న లేదు.

నిజాముల నాడు ఆ అడవిలోని ఫర్హాబాదు కొండకు వేటకు పోవు దొరలకు చెంచులు ముందు నడిచిరి. ఆ చెంచులకు పటముతో పని లేకుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేటల కాలము ముగిసినను, ఉచ్చులును కరెంటు తీగలును నేటికిని అడవిని వదలలేదు. మండువేసవిలో జంతువులన్నియు చేరునది మిగిలిన నీటి కడకే. దొంగవేటగాడు పొంచియుండునదియు అక్కడనే. వానికంటె ముందు అక్కడికి చేరవలసినవాడు మావాడు.

మోటారు దారుల పటము వానికి కొరగాదు. ఉపగ్రహచిత్రము చూడ ముచ్చటయే గాని ఆకుల క్రింది వాగును చూపదు. ఉచితముగా దొరకెడి కాంటూరు పటములలో పెక్కింటికి ఆధారము 2000 ఫిబ్రవరిలో అంతరిక్షనౌకనుండి రాడారు కొలిచిన ఎత్తులు. దట్టమైన అడవిలో ఆ కొలత చాలవరకు చెట్ల తలలయొద్దనే ఆగిపోవును, ముప్పది మీటర్లకొక లెక్క గనుక ఇరుకు లోయ అందులో పూడిపోవును. నా మనస్సు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్ మీదనే నిలిచినది. అందులో వేసవికి ఎండెడి వాగునకు నల్లగీత, నీరు నిలిచెడి చోట నీలము. పెంటలనెడి చెంచుల ఆవాసముల పేర్లును అందు కలవు. బీటు తిరుగువానికి ఆ రెండు రంగుల భేదమే ప్రాణము.

అయితే పాత షీటునందొక చిక్కున్నది. 1818లో హైదరాబాదు వచ్చి, దేశపు సర్వే నడుపుచున్న లాంబ్టన్‌తో చేరి, కృష్ణా గోదావరుల నడుమ అడవులలో జ్వరపడిన జార్జి ఎవరెస్టు, పిమ్మట 1830లో నిర్ణయించిన భూగోళాకృతిపై ఆ షీట్లు నిర్మితములు. జీపీఎస్ లెక్కించునది డబ్ల్యూజీఎస్ 84 అను వేరొక ఆకృతిపై. ఈ సంగతి మాటలతో చెప్పిన నాటుకొనదని, నా బీరువాలోని 56 కె షీటునుండి నారాయణగూడ చౌరస్తా అక్షాంశరేఖాంశములను కొలిచి, యంత్రములో ఉన్నదున్నట్లు ఎక్కించి, వానిని వెంటబెట్టుకొని బయలుదేరితిని. బాణపుగుర్తు మమ్ము చౌరస్తా దాటించి, నూరు మీటర్లకు మించి ఆగ్నేయముగా కొనిపోయి, ఒక సందులో నిలిపినది. "అడవిల గిట్లయితే వాగుకు అవతలి ఒడ్డున ఉంటుంటి" అన్నాడు వాడు, మొగము చిన్నబుచ్చుకొని.

యంత్రములో డేటమ్‌ను, అనగా లెక్కకు ఆధారమైన ఆకృతిని, షీటుకు తగినట్లు మార్చి వెనుకకు నడిచితిమి. ఈసారి గుర్తు చౌరస్తాలోనే నిలిచినది. ఇంటికి వచ్చి అమ్రాబాదుకు చెందిన 56 ఎల్ షీట్లను బల్లమీద పరిచితిని. దీపము దగ్గరకు లాగుకొని, పెన్సిలు మొనతో నల్లగీతల వెంబడి పోవుచు, నీలము కనబడిన చోటెల్ల వాడొక చుక్క పెట్టుచుండెను.