తిత్తిలోని తోలుముక్క

ముళబాగిలు తాలూకాలో మా తాతగారి ఊరున ఒక కొలిమి ఉండెడిది. వేసవి సెలవులలో బంగారు గనుల నుండి అక్కడికి పోయినప్పుడెల్ల, ఆ కొలిమి తిత్తి లాగుటకు నేను ఉబలాటపడెడివాడను. తిత్తి అడుగుపలకకు ఒక రంధ్రము, దానిపై లోపలివైపున అరచేతి యంత తోలుముక్క. తిత్తిని పైకెత్తగనే ఆ ముక్క తెరచుకొని గాలిని లోనికి రానిచ్చును. అదుమగనే తానే మూసికొని గాలిని నిప్పువైపు తరుమును. వేడిమికి ఎండి బిరుసెక్కినప్పుడు మాత్రము గాలి వెనుకకు కారిపోయి నిప్పు మందగించెడిది. అప్పుడు తోలుపని చేయు వృద్ధుడొకడు వచ్చి, పాతముక్కను ఊడదీసి, తంగేడుపట్టతో పదును చేసిన కొత్తతోలు అమర్చి, ఆముదము రాచి పోయెడివాడు. ఊరి నిప్పు ఆతని చేతిలో ఉండెడిది. ఆతని ఇల్లు మాత్రము ఊరి వెలుపల ఉండెడిది.

ఆ తోలుముక్క నాకు మరల జ్ఞప్తికి వచ్చినది 1994లో, బెంగుళూరు నందలి ఒక ఆసుపత్రి వరండాలో.

మా నాయనగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసెడివారు. లైను ఇంటిలో ఒకే గదిలో ఏడుగురము పెరిగితిమి. మా చెల్లెలికి పదవయేట గొంతునొప్పియు, తరువాత కీళ్ళవాపుతో జ్వరమును వచ్చెను. జ్వరము తగ్గినది, మేము మరచితిమి. గొంతులోని క్రిమిపై శరీరము సాగించు పోరాటము కొందరు పిల్లలలో వారి గుండెనే గాయపరచునని, ఇరుకిండ్లలో ఈ వ్యాధి మెండని, మూడు నాలుగు వారముల కొకమారు ఇచ్చు పెన్సిలిన్ సూదితో అది ముదరకుండ కాపాడవచ్చునని మాకు తెలియునప్పటికి కాలము మించిపోయినది. పెండ్లియైన రెండేండ్లకు చెల్లెలు నాలుగు మెట్లెక్కలేక కూలబడెను. గుండె ఎడమభాగమున రెండు రేకులుగల కవాటము గట్టిపడి, దారి ఇరుకైనదని వైద్యులు చెప్పిరి.

కవాటమును మార్చవలెను. దేనితో మార్చవలెనన్నదే ప్రశ్న. లోహపు కవాటము దీర్ఘకాలము మన్నును. కాని దానిపై నెత్తురు గడ్డకట్టును గనుక బ్రతికినంతకాలము నెత్తురును పలుచన చేయు మందు మ్రింగుచు, తరచు పరీక్ష చేయించుకొనవలెను. ఆ మందు గర్భస్థ శిశువునకు హాని. రెండవది, పశువు గుండెను కప్పియుండు పొరతోనో, పంది గుండె కవాటముతోనో చేసినది. దానికి ఆ మందు జీవితాంతము అక్కరలేదు. కాని పడుచువారిలో అది పది పదునైదేండ్లకు, ఒక్కొక్కప్పుడు అంతకుముందే, చెడిపోవును. మరల ఛాతీని తెరువవలెను.

మా అవ్వ విని నిర్ఘాంతపోయెను. "గొడ్డు పొర బిడ్డ గుండెలోనా?" అని కన్నీరు పెట్టుకొనెను. అప్పుడు నేను కొలిమి తిత్తిని గుర్తుచేసి, అడుగున ఉండు తోలుముక్క పనియే ఇదియని చెప్పితిని. అవ్వ చాలసేపు మాటలాడలేదు. తరువాత, "తిత్తి మార్చినట్టేనా? అయితే పెట్టించండిరా" అనెను. చెల్లెలు అంతకుముందే నిశ్చయించుకొన్నది. "పదేండ్లయినా చాలన్నా, నాకు బిడ్డ కావల్ల" అని ఒక్కమాట అన్నది.

తరువాత ఈ విషయమును గూర్చి శ్రద్ధగా చదివితిని. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్సు అనువారు పంజరములో బంతి ఆడునట్టి కవాటమును రోగి గుండెలో నిలుపగలిగిరి. 1962లో లండనులో డొనాల్డ్ రాస్ మృతుని గుండె నుండి తీసిన కవాటమును అమర్చెను. 1965లో పారిసునందు బినే, కార్పాంతియే అను వైద్యులు పంది కవాటమును ఉపయోగించిరి. శరీరము దానిని పరాయిదిగా గుర్తించి పాడుచేసినది. ఆ దశాబ్దము ముగియులోపల కార్పాంతియే ఆ కణజాలమును గ్లుటరాల్డిహైడు అను ద్రవములో ఊరవేసి, దానిలోని పోగులను ఒకదానితో నొకటి బంధించెను. పరాయి గుర్తు చాలవరకు మరుగుపడినది. రేకు కుళ్ళదు, వంగును. ఇది తోళ్ళను పదును చేయువారికి తెలిసిన రసాయనమే! 1971లో లీడ్సు నగరమున అయొనెస్కో పశువు గుండెపొరను ఇట్లే పదునుచేసి రేకులుగా కత్తిరించి కుట్టెను.

అయితే గుండె దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. మన సొంత కవాటపు రేకులు సజీవములు. తమ పోగులను తామే బాగుచేసికొనును. పదునుచేసిన రేకు మృతము. దానిలో సున్నము చేరును, బిరుసెక్కును, చిరుగును. ఎదుగు వయస్సున ఇది మరింత త్వరగా జరుగును. తిత్తిలోని తోలునకు పట్టిన గతియే.

గట్టిదియైనంత మాత్రమున మన్నునా యనిన, అదియును కాదు. తిరువనంతపురములోని శ్రీచిత్రా సంస్థలో డాక్టరు వలియత్తాన్ బృందము కవాటమునకై కృత్రిమ నీలమణి పలకను సైతము పరీక్షించి విఫలమై, తుదకు లోహపు చట్రములో పాలిథిలీన్ పలక నమర్చి గెలిచినది. 1990 డిసెంబరు 6వ తేదీన దానిని మొదటిసారి రోగికి అమర్చిరి. మూడు కిలోమీటర్లకు పైగా రాతిని తొలిచిన గనులలో పెరిగిన మాకు, మణి ఓడి ప్లాస్టిక్కు గెలిచిన ఈ కథ వింతగా తోచినది.

చెల్లెలికి 1997లో ఆడుబిడ్డ కలిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 2006లో ఆమె కవాటము గట్టిపడినది; మరల మారికుప్పం రైలెక్కి బెంగుళూరు చేరితిమి. ఈమారు పలక కవాటము పెట్టించుకొన్నది. రాత్రివేళ ఇల్లు సద్దుమణిగినప్పుడు దాని టిక్కుటిక్కు వినవచ్చును. "మొదటిది సద్దు చేయకుండా నాకు బిడ్డనిచ్చి పోయిందన్నా" అని ఆమె యనును.

నేడు పశువుల పొరతో చేసిన కవాటమును ముడిచి, తొడ రక్తనాళము గుండ గుండెలోనికి పంపుచున్నారు. 2002లో రువాన్ నగరమున క్రిబియే దీనికి నాంది పలికెను. కణములను కడిగివేసి, మిగిలిన పోగుల గూటిలో రోగి సొంత కణములే కాపురము చేయునట్లు చేయవలెనని పరిశోధకులు శ్రమించుచున్నారు. మన కోలారు రైతులు పెంచు పట్టుపురుగు దారములోని మాంసకృత్తును కూడ ఇందుకై ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. తనను తాను బాగుచేసికొను రేకు చేతికి వచ్చిననాడు, బిడ్డయా, మన్నికయా యని ఏ ఆడపడుచును తేల్చుకొనవలసిన పని యుండదు.

సోదరసోదరీమణులారా, పిల్లల గొంతునొప్పి వెనుక కీళ్ళనొప్పి వచ్చినచో మావలె మరువకుడు; వైద్యునికి చూపుడు. మరియొక విన్నపము. మా చెల్లెలి బ్రదుకున పన్నెండేండ్లు నిలిపినది, పదునుచేసిన ఒక పొర. ఆ విద్యయొక్క తొలి పాఠము తెలిసిన చేతులను మన పెద్దలు ఊరి వెలుపల ఉంచిరి. ఆ వృద్ధుని పేరైనను నేను అడిగి తెలిసికొనలేదు. ఈ వ్యాసము వ్రాయుచుండగా నన్ను బాధించినది అదియే.